ఉప్పుకి గేట్ పాస్ లేదు

జూన్ 2, ఉదయం 6.00

ఇవాళ్టి నుంచి ఉప్పు బంద్! బీపీ 160. ఇరవయ్యో తారీఖున స్టీలు ప్లాంటులో మెడికల్. అప్పటికి తగ్గకపోతే నన్ను క్రేన్ మీంచి దించేస్తారు. ఇరవై ఆరేళ్లుగా మిల్లులో అరవై అడుగుల ఎత్తున కూర్చున్నవాణ్ణి, కింద నిలబడి ఏం చెయ్యను?

మా అమ్మాయి మేఘన ఎమ్మెస్సీ బోటనీ. దారి తనే చూపించింది.

"నాన్నా, ఉప్పునేలలో గడ్డిమొక్క వేరు కణం చుట్టూ పొర ఉంటాది. దాన్లో గేట్లు. సోడియం లోపలికొస్తే పంపులు బయటికి గెంటేస్తాయి. మిగిలింది వాక్యూల్ అని లోపలే ఓ సంచీలో బంద్ చేసేస్తాది. బస్!"

గడ్డిమొక్క చేసే పని నేను చెయ్యలేనా!

గేటు: మా ఆవిడ మణిమాల.
పంపు: రోజూ రుఆబాంధా బస్తీ దాకా నడక.
వాక్యూల్: అవసరం రాదు.

జూన్ 4

చప్పిడి పప్పు. చప్పిడి చారు. ఆనందంగా ఉంది. ఆనందంగా ఉంది. (నమ్మకం కుదరడానికి రెండోసారి రాశాను.)

జూన్ 7, సాయంత్రం 4.00

క్యాంటీన్‌లో సమోసా. తప్పు నాది కాదు! సోడియం ఒక్కోసారి పొటాషియం దారిలోనే దొంగతనంగా దూరుతుందని మేఘనే చెప్పింది. బంగాళాదుంపలో బోలెడు పొటాషియం. దానికని గేటు తీశాను. వెనకాలే ఉప్పు దూరింది. మూడు సమోసాలంత దూరింది.

జూన్ 10

ఎండ. నడక మానేశాను. మధ్యాహ్నం నాలుగు అప్పడాలు. లోపల సోడియమే లేకపోతే పంపు దేన్ని గెంటుతుంది? ఖాళీగా ఉంచితే తుప్పు పట్టదూ?

జూన్ 13

వాక్యూల్ అవసరం వచ్చింది. ఆవకాయ సీసా. క్రేన్ కేబిన్లో, సీటు కింద. మూత బిగించి ఉన్నంతసేపూ అది ఒంట్లో లేనట్టే.

షిఫ్టుకి ఆరుసార్లు తెరుస్తున్నాను.

జూన్ 17, ఉదయం 11.20

ఘోరం! క్రేన్ అదుర్లకి సీసా మూత ఊడింది. నూనె కారి, కింద నిలబడ్డ ఫోర్‌మన్ రవిశంకర్ హెల్మెట్ మీద పడింది.

"శ్యామసుందర్ భయ్యా, క్రేన్ రోకో! నూని లీకవుతంది!"

మిల్లు ఆగింది. మెయింటెనెన్స్ వాళ్లు నలుగురు నిచ్చెనెక్కారు. ఈలోగా రవిశంకర్ హెల్మెట్ మీద వేలు రాసి వాసన చూశాడు. నాకాడు.

"ఇదేటి భయ్యా, ఆవపిండా?"

జూన్ 20

బీపీ 170. ఆరు వారాలు గ్రౌండ్ డ్యూటీ. ఆ తర్వాత మళ్లీ మెడికల్.

జూన్ 21, సాయంత్రం 5.00

నా సీట్లో నా జూనియర్ మహేశ్. హుక్కు ఊగిపోతోంది. నేనైతే అలా ఊగనిస్తానా? మెడ పట్టేసేదాకా పైకే చూస్తూ నిలబడ్డాను. సిగ్గేసింది. దుఃఖం వచ్చింది, మింగేశాను.

ఇంటికొస్తే మణిమాల తిట్టలేదు. ఆవకాయ సీసా కడుగుతూ, "ఆరు వారాలూ నానూ చప్పిడే తింటాను. లెగండి, అన్నం తిందురు," అంది.

ఇక ఆగలేదు. కన్నీళ్లు పెదవుల మీదికి జారాయి. ఉప్పగా ఉన్నాయి!

పంపు పనిచేస్తోంది!

రేపు ఉదయం 6.00 నుంచి ఉప్పు బంద్. ఇవాళ్టికి ఈ కన్నీళ్లున్నాయి.