డిఫెన్స్ మీద ఒక్క మాట అనను

జనవరి 8, బుధవారం

ఉదయం 6.40. రేడియోలో చెప్పారు. మా హాల్విక్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్లౌమెన్‌కి డిఫెన్స్ కోచ్‌లు ముగ్గురూ కొత్తవాళ్ళట. పాత ముగ్గుర్నీ క్రిస్మస్‌కి ముందే సాగనంపారు. అందులో నా కృషి కూడా కొంత ఉంది. పోయిన సీజన్లో పదకొండు ఆటలు, పదకొండు సోమవారాలు, పదకొండుసార్లు వెండెల్ రేడియో కార్యక్రమానికి ఫోన్ చేశాను. ప్లౌమెన్ అంటే నాగలి పట్టేవాళ్ళు. పోయినేడు మాత్రం వచ్చిన ప్రతి జట్టూ మమ్మల్నే దున్నేసి పోయింది. ఆటకి సగటున నలభై ఒక్క పాయింట్లు సమర్పించుకున్నాం.

కొత్తవాళ్ళు:

1. ప్రూయిట్. పెద్ద కోచ్. అరవై ఆరేళ్ళు. ఇది పదో కాలేజీ. అంటే తొమ్మిది చోట్ల తరిమేశారనేగా.
2. వెనక వరసకి ఒక కుర్ర కోచ్. ఫొటోలో ఇంకా మొటిమలున్నాయి.
3. టెరెల్ బాబినో. మధ్య వరసకి. లూసియానావాడు. ఈయన పేరు ఎవరూ విన్న పాపాన పోలేదు.

మధ్యాహ్నం 12. కెఫేలో గోర్డీ. బళ్ళో నా పక్క బెంచీ, ఇప్పుడు స్టేడియంలో నా పక్క సీటు.

"ముగ్గుర్నీ కలిపినా ఒక్క కోచ్ కారురా," అన్నాడు. "ముసలాయనకి వినపడదు, కుర్రాడికి తెలీదు, మూడోవాడికి మనూరికి దారి కూడా తెలిసుండదు."

సోమవారం ఏమేం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను. పద్నాలుగు సంగతులొచ్చాయి. ఈ ఏడాది బాగా మొదలైంది.

జనవరి 10, శుక్రవారం

సాయంత్రం 5.30. ఇంటికి రాగానే సోల్వేగ్ కుర్చీ చూపించింది. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆమె కుర్చీ చూపించిందంటే తీర్పు అయిపోయిందని అర్థం.

"ఆ బాబినో గారి భార్య డాక్టరట. మూసేసిన మన క్లినిక్ ఆవిడే తెరుస్తుందట."

"మంచిదేగా."

"మంచిదే. కానీ నువ్వు రేడియోలో అరిచి ఆయన ఉద్యోగం ఊడగొడితే ఆయనతోపాటు ఆవిడా పోతుంది. ఈ ఏడాది డిఫెన్స్ మీద నోరెత్తకు."

"ఒక్క మాట కూడానా?"

సోల్వేగ్ రెండు చేతులూ బల్లమీద పెట్టింది. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు, పూర్తిగా చాచుకోవు. మా చర్చిలో ముప్ఫై నాలుగేళ్ళుగా ఆర్గన్ వాయించేది ఆమే. పోయిన క్రిస్మస్‌కి ఒంటి చేత్తో వాయించింది. క్లినిక్ మూతబడి మూడేళ్ళయింది. పెద్దాసుపత్రి డెబ్భై మైళ్ళు. అక్కడ నాలుగు నెలలు ఆగితే పది నిమిషాలు చూసి, వయసు మీద పడిందమ్మా అన్నారు.

ఆ చేతుల్ని చూశాక కాగితం, కలం తీసుకున్నాను.

తీర్మానం: సీజన్ ముగిసేదాకా డిఫెన్స్ కోచ్‌ల మీద ఒక్క చెడ్డ మాట అనను. రేడియోలో అనను, కెఫేలో అనను, స్టేడియంలో అనను, గ్యాస్ ట్యాంకర్ నడుపుతూ ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అనను. నోరు మంచిదైతే ఊరు మంచిది.

సంతకం: ఆర్విడ్.

జనవరి 13, సోమవారం

7.30. రేడియో కార్యక్రమం మొదలు. ఫోన్ చెయ్యలేదు.

7.42. వెండెల్ రేడియోలోనే అడిగాడు: "ఆర్విడ్ ఇంకా ఫోన్ చెయ్యలేదేంటి? మనిషి బాగానే ఉన్నాడా?"

9.00. ఇద్దరు పరామర్శకి వచ్చారు. ఒకావిడ బంగాళాదుంపల వంటకం కూడా తెచ్చింది, చావింటికి తీసుకెళ్ళే రకం. బాగుంది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

మొదటి సోమవారం గెలిచాను. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో మానేసేవాణ్ణి.

ఫిబ్రవరి 19

సంగతి ఊరంతా పాకింది. కెఫేలో అందరూ ఒట్టు పెట్టుకున్నారు. గోర్డీ కూడా పెట్టుకున్నాడు. వాడికీ డాక్టరు కావాలట, దేనికో మాత్రం చెప్పడు.

ఏప్రిల్ 22

క్లినిక్ తెరిచారు. డాక్టర్ ఇవెట్ బాబినో సోల్వేగ్ చేతుల్ని నలభై నిమిషాలు చూసింది. ఒక్కో వేలూ పట్టుకుని, ఇక్కడ నొప్పా, ఇక్కడా, అని అడిగింది. రక్తం తీసి పంపింది. ఇది వయసు కాదు, కీళ్ళవాతం, మందుంది అంది.

మందుంది. మూడేళ్ళుగా ఆ ఒక్క మాట మాకెవరూ చెప్పలేదు.

ఏప్రిల్ 26, శనివారం

వేసవికి ముందు మావాళ్ళలో మావాళ్ళే రెండు పక్షాలుగా ఆడుకునే ఆట. మా డిఫెన్స్ మా కుర్రాళ్ళనే ఆపలేకపోయింది. గాయంతో కుంటుతున్నవాడు కూడా బంతితో చివరి గీత దాటి ఒక టచ్‌డౌన్ చేశాడు.

ఏమీ అనలేదు. చేతి తొడుగు కొరికాను. ఎడమది.

జూన్ 15, ఆదివారం

సోల్వేగ్ చర్చిలో రెండు చేతులతో వాయించింది. తప్పులు పోయాయని తర్వాత విసుక్కుంది. నాకొక్కటీ వినపడలేదు. ఏడ్చాను. పక్కన గోర్డీ ఉన్నాడని తుమ్మినట్టు నటించాను.

టెరెల్ బాబినో నాకు దేవుడితో సమానం. మధ్య వరసని ఎక్కడ నిలబెట్టుకుంటాడో ఆయనిష్టం.

సెప్టెంబర్ 6, శనివారం

మొదటి ఆట. 10-38. ఓడాం.

అవతలివాళ్ళకి మూడో ప్రయత్నంలో తొమ్మిది గజాలు కావలసి వస్తే మావాళ్ళు పదకొండు ఇస్తున్నారు. పెళ్ళివారికి మర్యాద చేసినట్టు.

(ఇది చెడ్డ మాట కాదు. మర్యాదని మెచ్చుకున్నాను.)

నోరు కట్టుకోవడానికి తిన్న పొద్దుతిరుగుడు గింజలు: నాలుగు పొట్లాలు.

సెప్టెంబర్ 13

14-45. గాలి ఎదురుగా కొట్టింది. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి కదా, అప్పుడు కూడా మాకే ఎదురు కొట్టింది.

గింజలు: ఏడు పొట్లాలు. నాలుక పూసింది.

సెప్టెంబర్ 20

7-45. స్టేడియంలో నాలుగు వేలమంది. అవతలివాళ్ళు టచ్‌డౌన్ చేసిన ప్రతిసారీ మావాళ్ళంతా లేచి మెల్లగా చప్పట్లు కొడుతున్నారు. "బాగా ప్రయత్నించారు నాయనా," అని వెనక నుంచి ఒక పెద్దావిడ. పొరుగూరి నుంచి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి జడుసుకున్నారు. ఒకాయన గోర్డీని అడగనే అడిగాడు, ఇవాళ ఎవరైనా పోయారా అని.

"లేదండీ," అన్నాడు గోర్డీ. "మేమెప్పుడూ ఇంతే."

గోర్డీ మెడ మీద నరాలు తేలాయి.

అక్టోబర్ 3, శుక్రవారం

ఉదయం 11.00. బాబినో గారి పెరట్లో, ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ట్యాంకు నింపుతున్నాను, నా ఉద్యోగం అదేగా. టెరెల్ బయటికొచ్చాడు. ఆరడుగుల మనిషి, ముఖం పీక్కుపోయింది.

"ఆర్విడ్ గారూ, ఒక మాట అడుగుతాను, దాచకండి. నన్ను తీసేస్తున్నారా?"

"అబ్బే, ఎవరన్నారు?"

"ఎవరూ ఏమీ అనట్లేదు. భయమంతా అదే. మా ఊళ్ళో అయితే ఈపాటికి సీసాలు విసిరేవాళ్ళు. ఫోన్లో మా అమ్మే తిడుతోంది. ఇక్కడ నలభై ఐదు పాయింట్లిచ్చినా చప్పట్లు కొడుతున్నారు. నిన్న కొట్లో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ధైర్యంగా ఉండు బాబూ అంది. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదండీ."

"మాది మర్యాదస్తుల ఊరు లెండి."

"మీరైనా చెప్పండి. ఒక్కటంటే ఒక్కటి. నేను చేస్తున్న తప్పేంటి?"

నేను గొట్టం చుట్టాను. మళ్ళీ విప్పాను. మళ్ళీ చుట్టాను. చివరికి, "మీ మధ్య వరస రెండు గజాలు ముందుకు జరిగితే బాగుంటుందేమో," అన్నాను.

ఒక్కటే అన్నాను. అది 11.10కి. రెండోది, మూడోది, ట్యాంకర్ మీది దుమ్ములో వేలితో వేసిన బొమ్మలు అన్నీ అయ్యేసరికి 12.05. ఆయన అన్నీ రాసుకున్నాడు. "చాలా హాయిగా ఉందండీ," అని నా చెయ్యి ఊపి ఊపి వదిలాడు.

ఇది మాట అనడం కిందికి రాదు. అడిగినవాడికి జవాబు చెప్పడం. తీర్మానం చెక్కుచెదరలేదు.

అక్టోబర్ 4, శనివారం

మధ్య వరస రెండు గజాలు ముందుకు జరిగింది. అవతలివాళ్ళు వాళ్ళ తలల మీంచి బంతి విసిరారు. మళ్ళీ విసిరారు. ఆట అయ్యేదాకా విసురుతూనే ఉన్నారు.

3-59.

గింజలు లెక్కపెట్టలేదు.

అక్టోబర్ 6, సోమవారం

7.30. రేడియో పెట్టాను. ఊరికే వినడానికి.

7.33. ఫోన్ తీశాను. వెండెల్‌కి శుభోదయం చెప్పడానికి. తొమ్మిది నెలలుగా పలకరించలేదు, పద్ధతి కాదు.

7.34. శుభోదయం చెప్పాను.

7.35. "ఆ మధ్య వరసని ముందుకు జరపమని ఏ దద్దమ్మ చెప్పాడో గానీ వాణ్ణి తీసుకెళ్ళి మంచులో పాతెయ్యాలి వెండెల్!"

7.49. ఇంకా మాట్లాడుతున్నాను.

7.50. వెండెల్ అన్నాడు: "ఆర్విడ్, నువ్వు లేక బెంగపెట్టుకున్నాం."

నా తర్వాత పంతొమ్మిది మంది ఫోన్ చేశారు. గోర్డీ రెండుసార్లు చేశాడు, రెండోసారి గొంతు మార్చి. ఆనకట్ట తెగింది.

వంటింట్లోకి వెళ్ళాను. సోల్వేగ్ అంతా విన్నది. నన్ను చూసి, "కాఫీ పొయ్యనా?" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

అక్టోబర్ 11

ఊరంతా వెక్కిరింపు ఈలలు, కేకలు. 20-31. ఎనిమిది నెలలు పస్తున్నవాడు విస్తరి మీద పడ్డట్టు తిట్టాం. నేను కూడా. రేపట్నుంచి మానేస్తాను.

అక్టోబర్ 18

రేపట్నుంచి.

నవంబర్ 17, సోమవారం

శనివారంతో సీజన్ అయిపోయింది. రెండు గెలుపులు, తొమ్మిది ఓటములు. ఇవాళ 8.10కి వార్త: డిఫెన్స్ కోచ్‌లు ముగ్గుర్నీ తీసేశారు.

కెఫేకి వెళ్ళాను. "మనమే చేశాంరా," అన్నాడు గోర్డీ. ముందు మొదలుపెట్టింది నువ్వేనని అనలేదు. ఆ మంచితనం ఇంకా గుచ్చుకుంది.

ఇంటికొస్తే సోల్వేగ్ పండుగ పాటలు సాధన చేస్తోంది. రెండు చేతులతో. నేను గుమ్మంలో నిలబడి ఆ వేళ్ళనే చూశాను. డాక్టరు పోతే మళ్ళీ డెబ్భై మైళ్ళు, నాలుగు నెలలు, వయసు మీద పడిందమ్మా. అంతా నా నోటి తీట వల్ల. ఇంత సిగ్గు నా అరవై మూడేళ్ళలో పడలేదు.

నవంబర్ 18

10.15. క్లినిక్. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"డాక్టర్ గారూ, క్షమాపణ చెప్పడానికొచ్చాను. మధ్య వరసని ముందుకు జరపమన్న దద్దమ్మని నేనే."

"తెలుసు," అంది ఆవిడ. "రేడియోలో మిమ్మల్ని మీరే పావుగంట తిట్టుకుంటుంటే టెరెల్ కుర్చీలోంచి జారిపడి నవ్వాడు. ఆ వారమే హాయిగా నిద్రపోయాడు."

"ఎప్పుడు వెళ్ళిపోతున్నారండీ?"

"ఎక్కడికి?"

"ఆయన ఉద్యోగం పోయింది కదా. ఆయన వెంట మీరూ..."

ఆవిడ కలం కింద పెట్టింది. "ఆర్విడ్ గారూ, ఈ ఊరికి ఉద్యోగం కోసం వచ్చింది నేను. క్లినిక్ వాళ్ళకి మూడేళ్ళని సంతకం పెట్టేశాక, నువ్వూ అక్కడేదైనా చూసుకో అంటే ఆయన మీ కాలేజీలో అడిగాడు. ఆయనే నా వెంట వచ్చాడు. అందరూ మా ఆయన వంకే దిగులుగా చూస్తారు గానీ, నన్ను అడిగిన మగాడు ఈ ఊళ్ళో ఒక్కడూ లేడు."

టెరెల్ సోమవారం నుంచి హైస్కూల్లో లెక్కలు చెబుతాడట. లెక్కల మాస్టారి మీద ఎవరూ ఈలలు వెయ్యరని సంతోషంగా ఉన్నాడట.

ట్యాంకర్ ఎక్కాను గానీ ఇంటికెలా వచ్చానో తెలీదు. సోల్వేగ్‌కి ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"తెలుసులే," అంది. "ఏప్రిల్లో మొదటిసారి వెళ్ళినప్పుడే అడిగాను, చెప్పింది."

"ఏప్రిల్లోనా? మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఇల్లు అంత ప్రశాంతంగా ఎప్పుడుంది ఆర్విడ్? చెప్పబుద్ధి కాలేదు."

నవంబర్ 30, ఆదివారం

సోల్వేగ్ వాయించింది. పాటలన్నీ. రెండు చేతులూ, కింది పెడల్స్ మీద రెండు కాళ్ళూ. ఈసారి తుమ్మినట్టు నటించలేదు. గోర్డీయే నాకు రుమాలిచ్చాడు.

డిసెంబర్ 3, బుధవారం

ఉదయం 9.20. బాబినో గారింట్లో గ్యాస్. డాక్టరమ్మ తలుపు తీసుకుని వచ్చింది. ఒంటిమీద మూడు కోట్లు, పైన దుప్పటి. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఆర్విడ్ గారూ, నిజం చెప్పండి. ఈ చలి ఇంకా పెరుగుతుందా?"

సున్నాకి ఎనిమిది డిగ్రీలు కింద ఉంది. మాకిది చలికి ముందు మాట. అసలు కథ జనవరిలో.

"ఎందుకండీ?"

"మూడేళ్ళు ఉండక తప్పదనుకోండి. ఆ తర్వాత ఉంటామో లేదో ఈ ఒక్క చలికాలం చూసి చెబుతానని టెరెల్‌తో అన్నాను."

మూడేళ్ళ తర్వాత సోల్వేగ్‌కి అరవై ఐదు.

"ఇదే ఎక్కువండీ," అన్నాను. "ఇక్కణ్ణుంచి తగ్గడమే."

10.00. కెఫే. గోర్డీకి చెప్పాను. వాడు వెండెల్‌కి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం రేడియోలో వాతావరణం చెబుతూ వెండెల్ అంకెలు చదవడం మానేసి, బాగుంది అని ఊరుకున్నాడు.

తీర్మానం: వసంతం వచ్చేదాకా ఈ ఊరి చలి మీద ఒక్క చెడ్డ మాట అనను. రేడియోలో అనను, కెఫేలో అనను, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అనను. సంతకం: ఆర్విడ్.

డిసెంబర్ 4, గురువారం

ఉదయం 5.50. సున్నాకి ఇరవై ఆరు కింద. ట్యాంకర్ స్టార్ట్ కాలేదు. మీసం గడ్డకట్టింది. తాళంచెవి వేలికి అతుక్కుని తోలు ఊడింది.

గాలి హాయిగా ఉంది.