గచ్చులో చెమ్మ

వాల్దివియా, జూన్ 8

ప్రియమైన ఒతీలియా అక్కకు,

నీ తుంటి ఎలా ఉంది? అతుకు వేసిన చోట చలికి లాగుతోందా? చెవులు ఏమైనా నయమా? ఫోన్ చేస్తే నువ్వొకటి నేనొకటి మాట్లాడుకుంటాం, అందుకే ఈ ఉత్తరం. నీ కూతురు రొసాల్బాకు దగ్గు తగ్గిందా? అల్లుడి నడుము? ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం బాగున్నాం. చలికాలం మొదలైంది, వాన ఆగలేదు.

ఇంకోసారి పడితే ఇక నడక ఉండదని డాక్టరు అన్నాడని రాశావు. అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. రొసాల్బా ఇంటి మెట్లు తలచుకుంటేనే దడ. నువ్వు నా దగ్గరికి వచ్చేయి. కింది గదిలో గచ్చు మంచుగడ్డలా ఉందని దాని మీద లామినేట్ పలకలు వేయిస్తున్నాను. దాన్ని ‘తేలే నేల’ అంటారట! మేకులుండవు, జిగురుండదు, స్పాంజి పొర మీద ఊరికే పరుస్తారట. పంతొమ్మిదొందల అరవైలో భూకంపం వచ్చాక నది ఇంట్లోకొచ్చి మన పలకలన్నీ తేలాయి కదా, ఆ పేరు వినగానే ఒళ్ళు జలదరించింది.

మేస్త్రీ డోన్ సెగుండో రెండు రకాల స్పాంజి తెచ్చాడు. నువ్వు పడ్డా దెబ్బ తగలదని నేను మందపాటిది పట్టుకున్నాను. “వద్దు డోన్యా, మరీ మెత్తనైతే పలకలు ఊగి వాటి కీళ్ళు విరుగుతాయి” అన్నాడు. కీళ్ళ మాట వినగానే వదిలేశాను. గచ్చు మీద ప్లాస్టిక్ ముక్క అంటించి వెళ్ళాడు. రెండు రోజుల్లో దాని అడుగున నీటి చుక్కలు కనిపిస్తే లోపల చెమ్మ ఉన్నట్టట. అప్పుడు నెల పైగా ఆరబెట్టాలట. దేవుడా, రాకుండా ఉంటే చాలు.

నీ చెల్లెలు
ఎర్మిందా

ఆంకూద్, జూన్ 17

ప్రియమైన పిరికిదానా,

తేలే నేలట! అయితే నేను ఈదుకుంటూ రావాలా? ఇక్కడ అందరం బాగున్నాం. వానకు బద్ధకమేసి ఈ వారం కుర్చీలోంచి లేవలేదు, అంతే. కంగారు పడకు, మేస్త్రీనీ కంగారు పెట్టకు. ఇంతకీ చుక్కలు వచ్చాయా, లేదా?

ఒతీలియా

వాల్దివియా, జూన్ 26

ప్రియమైన అక్కకు,

నేల పూర్తయింది! ఏం రంగనుకున్నావు, లేత తేనె రంగు. మధ్యమధ్య ముదురు గీతలు, అచ్చం నిజం చెక్కే. కర్టెన్లు కూడా ఆ రంగుకు కుదిరాయి. డోన్ సెగుండో సన్న స్పాంజి పరిచి రెండు రోజుల్లో ముగించాడు. అడుగున ప్లాస్టిక్ పట్టా అక్కర్లేదన్నాడు.

మంచం పక్కన పలకల అంచు కొంచెం పైకి లేచినట్టుంది. అక్కడ చాప వేశాను, కనిపించదు. నువ్వు కాస్త ఆలస్యంగా బయలుదేరినా ఫరవాలేదు. చలి తగ్గాక రా.

నిన్ను తలచుకునే
ఎర్మిందా

ఆంకూద్, జూలై 4

ప్రియమైన అబద్ధాలకోరుకు,

చిన్నప్పటి నుంచీ నీది ఇదే వరస. తప్పు చేస్తే రంగుల గురించి మాట్లాడతావు. చుక్కల మాట అడిగితే కర్టెన్ల గురించి రాస్తావా? నేను మంచం దిగి మొదటి అడుగు వేసేది ఆ చాప మీదే కదే! ఏం చేశావో చెప్పు.

కోపంగా,
అక్క

వాల్దివియా, జూలై 15

ప్రియమైన అక్కకు,

చుక్కలు వచ్చాయి. ప్లాస్టిక్ ఎత్తి చూస్తే అడుగంతా చెమట పట్టినట్టుంది. గుడ్డతో తుడిచి, మళ్ళీ అంటించేశాను. నెల ఆగితే ఈలోగా ఆ మెట్ల మీద నువ్వు పడతావని భయం. కాసేపటికే మేస్త్రీ వచ్చి చూసి, పొడిగా ఉందని నమ్మాడు.

నీ ఉత్తరం చదివి చాప తీశాను. కర్ర పట్టుకుని, నువ్వు దిగినట్టే మంచం మీది నుంచి దిగాను. లేచిన అంచు కాలికి తగిలి ఎడమచేతి మీద పడ్డాను. మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. నువ్వు కాదు, నేను. అంతవరకు దేవుడు చల్లగా చూశాడు.

డోన్ సెగుండోకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. “యాభై ఏళ్ళుగా గోడలు అబద్ధమాడటం చూశాను. గచ్చు తరఫున మనిషి అబద్ధమాడటం ఇదే మొదటిసారి డోన్యా” అన్నాడు. పలకలన్నీ ఊడదీశాడు. చూరు నీళ్ళ గొట్టం పగిలి గోడ కిందికి కారుతోందట, దాన్ని మార్చాడు. ఇప్పుడు గదిలో పొద్దస్తమానం పొయ్యి మండుతోంది. గచ్చు ఆరాక చెమ్మ పైకి రాకుండా మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, గోడల మీదికి బెత్తెడు మడిచి, దాని పైన స్పాంజి వేస్తాడట. ఆగస్టు మూడో వారానికి పూర్తవుతుందన్నాడు.

నన్ను నమ్మి వస్తావా? రాకపోయినా నేనేమీ అనుకోను.

నీ
ఎర్మిందా

ఆంకూద్, జూలై 24

ప్రియమైన చెల్లెలికి,

బద్ధకమేసి కుర్చీలోంచి లేవలేదని రాశాను కదా, అది బద్ధకం కాదు. ఆ వారం మెట్ల మీద జారాను. చివరి రెండు మెట్లే కాబట్టి ఎముక నిలిచింది. నువ్వు తల్లడిల్లుతావని దాచాను. కాబట్టి నీ భయం వట్టిది కాదు, నీ తుడుపే తప్పు. మళ్ళీ చుక్కలు వస్తే తుడవకు, నాకు రాయి.

ఇద్దరం కలిస్తే నీ కాళ్ళు, నా చేతులు, ఒక నిండు మనిషి లెక్క. బంగాళదుంపలకు నేను తొక్క తీస్తాను, పొయ్యి దగ్గర నువ్వు నిలబడు. అప్పటిదాకా ఇక్కడ కింది గదిలో కుర్చీలోనే పడుకుంటాను, మెట్లెక్కను. రొసాల్బా బండిలో తీసుకొస్తానంది. ఆగస్టు ఇరవై మూడు, శనివారం, మధ్యాహ్నం భోజనం వేళకి.

ఒతీలియా