బొంతలో తొమ్మిదో ముక్క

రూతమ్మా,

ఈ ఆదివారం నీ మనవరాలిని మొదటిసారి చర్చికి తీసుకెళ్తున్నాం. నువ్వు ప్రభువు దగ్గరకు వెళ్లేనాటికి విడివిడిగా మిగిలిన తొమ్మిది బొంత ముక్కలూ కలిపి, అందులోనే బిడ్డను చుట్టాలని నీ కూతురి పట్టుదల.

నిన్న తను మిషను మీద కలుపుతుంటే పూస తగిలి సూది విరిగింది.

"ఏటి పెద్దమ్మా, అంచు దాకా పూసలు ఎవులైనా కుడతారేటి? అమ్మైతే వేలెడు సోటు వదిలేసేది," అని నవ్వింది.

నిజమే. ఎనిమిది ముక్కల్లో నీ రిబ్బను గులాబీలు, పూసలు ఎంత ఒత్తుగా ఉన్నా అంచుకు వేలెడు ఇవతలే ఆగాయి. అంత ఓర్పు నీ చేతికే ఉంది. తొమ్మిదోది ఆసుపత్రిలో నీ పక్కన కూర్చుని నేను కుట్టింది. చూసి "బాగుందక్కా" అన్నావు, అంతే.

దాన్ని వెనక్కి తిప్పితే పెన్సిలుతో నీ రాత కనిపించింది: "అక్కది. మధ్యలో పెట్టాలి. చేత్తో కుట్టాలి."

ఈ ఉదయం ప్రార్థన చేసుకుని చేత్తోనే కుట్టాను. పూస ఒక్కటీ తీయలేదు.