ముక్కుపురుగుల మేత

జూన్ 9
ఇవాళ వదిలాను. చెరువు ఉత్తరపు మూల, తాడు కట్టి వేరు చేసిన చోట. గోధుమ గింజంత ముక్కుపురుగులు. గుర్రపు డెక్క కలుపు తప్ప ఇంకేదీ ముట్టవు. అది దొరక్కపోతే చస్తాయే గానీ పక్క మొక్క వంక చూడవు. ల్యాబ్‌లో వీటిని పెంచినంత శ్రద్ధగా మొగుణ్ణి చూసుకోలేదని అత్తయ్య ఫిర్యాదు.

చెరువులో నీళ్లు కనిపించవు, అంతా ఆ ఆకులే. మామయ్య పడవ గట్టు మీద బోర్లా పడి ఉంది. మళ్లీ వల వేసేదెప్పుడో ఆయన అడగడు, నేను చెప్పను.

చెరువు బాధ్యత చూసే నీటిపారుదల ఇంజనీరు వచ్చే ఏడాది వానలు వెనకబట్టే దాకా గడువిచ్చాడు. మధ్యలో ఒకసారి వచ్చి చూస్తాడు. ఏమీ కనిపించకపోతే అక్కడికక్కడే ఆపేసి, మందు స్ప్రే చేయిస్తాడట. మందు పడితే ఇంత కలుపూ ఒక్కసారే కుళ్లుతుంది. చేపలు మిగలవు. పడవ అమ్ముకోవడమే. నేనుండగా అది జరగదు.

జూలై 2
ఏమీ లేదు.

జూలై 28
ఆకుల మీద గాట్లు! గోరుతో గీరినట్టు చిన్నచిన్నవి. గట్టు మీద ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. టీ కొట్టు ఆవిడ చూసింది. సాయంత్రానికి నా పేరు పురుగులమ్మ.

నవంబరు 16
ఇంజనీరు ఎల్లుండి వస్తున్నాడు. ఉత్తరపు మూల మొక్కలు మోకాలెత్తు నుంచి జానెడుకు దిగాయి. కాడ విరిస్తే లోపల పిల్లపురుగు. నా దగ్గర చూపించడానికి ఆ మూల ఒక్కటే ఉంది. అన్నం దగ్గర అదే చెప్పాను, ఆ మూల చావుకు సిద్ధంగా ఉందని. మామయ్య శ్రద్ధగా విన్నాడు. విన్నాడనే సంతోషించాను, పిచ్చిదాన్ని.

నవంబరు 18, ఉదయం
మామయ్య ఆ మూలంతా పీకేశాడు.

చావుకు సిద్ధంగా ఉన్నది సులువుగా ఊడొస్తుంది కదా, ఇంజనీరుకు శుభ్రమైన నీళ్లు చూపించి కోడల్ని గెలిపిద్దామని ఆయన ఆలోచన. మొక్కలన్నీ గట్టు మీద కుప్ప. కుప్పలో నా పురుగులు. పైన ఎండ. ఆయన ఒళ్లంతా బురద, మొహం నిండా నవ్వు.

ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. రెండూ మింగి, విషయం చెప్పాను. కుప్ప ఎండితే లోపలి పిల్లలన్నీ పోతాయని. ఆయన చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"గంపలు తెస్తానమ్మా" అన్నాడు.

అదే రోజు, సాయంత్రం
ఎలాగూ పీకేశాం, ఒక్క మూలకే ఎందుకు, పురుగులున్న ఈ మొక్కల్ని చెరువు చుట్టూ పంచేద్దాం అన్నాను. అత్తయ్య కూడా కొంగు దోపుకుని దిగింది. సరిగ్గా అప్పుడే ఇంజనీరు వచ్చాడు. కలుపు తీయమని జీతమిస్తుంటే చెరువులోకి కలుపు వేస్తున్న మనిషిని అతను మొదటిసారి చూస్తున్నాడట. నడుంలోతు నీళ్లలోంచే ఒక కాడ విరిచి అతని అరచేతిలో పెట్టాను. పురుగు కదిలింది. చెయ్యి విదిలించాడు.

ఆపించనన్నాడు. గడువు మాత్రం ఒక్క రోజు కూడా పెంచనన్నాడు. నేను అడగలేదు.

ఫిబ్రవరి 3
నాలుగు వైపులా గాట్లు. మామయ్య ఒక్కో ఆకూ తిప్పి చూస్తున్నాడు. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు. సిగ్గు. నాకు ఆయన మీద కోపం ఎప్పుడో పోయింది, ఆ మాట చెప్పడం నాకూ చేతకావడం లేదు.

ఆగస్టు 20
వారమంతా వాన. కాడలు బరువెక్కి, నీళ్లు నిండి, మొక్కలు వాటంతటవే మునుగుతున్నాయి. చెరువు నడుమ నీళ్లు కనిపించాయి. టీ కొట్టు ఆవిడ డబ్బులు తీసుకోలేదు. నవ్విన నాపచేనే పండుతుందని అత్తయ్య ఆవిడకు వినపడేలా అంది.

అక్టోబరు 12
ఇంజనీరు వచ్చాడు. స్ప్రే రద్దు. ఆ మాట వినగానే మామయ్య పడవ తిరగేయడానికి వెళ్లిపోయాడు.

అక్టోబరు 13
మామయ్య తొలి వల వేసి వచ్చాడు. ఒక బకెట్లో చేపలు. ఇంకో బకెట్లో, నీళ్లలో నిలబెట్టి, పురుగులతో సహా బతికున్న గుర్రపు డెక్క ఒకటి. పెరటి తొట్టిలో వేసి, ఎండ తగలకుండా తడిక అడ్డం పెట్టాడు.

"అవి ఇంకోటి తినవన్నావుగా తల్లీ."