వండిన ప్రతిసారీ

అనకాపల్లి
ఆదివారం, 12-2-2006

చర్చి వెనుక కట్టిన కొత్త వంటశాలకు పెట్టే రాతిపలక మీద ఏం చెక్కించాలో ఆరాధన అయ్యాక పాస్టరు గారు చదివి వినిపించారు. "స్త్రీల సమాజపు సహకారంతో నిర్మించబడినది." అందరూ తలలూపారు. ఎప్పుడూ నోరు విప్పని నేను లేచి నిలబడ్డాను.

"సహకారం కాదండి అయ్యగారూ. వంటకి కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడికని దాచేమండి. అవి అమ్మితేనే ఆ గోడలు లేచేయి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన నవ్వి కాగితం నా చేతికిచ్చారు. "అయితే మీరే రాయండమ్మా."

"స్త్రీలు రోజూ తీసిపెట్టిన పిడికెడు బియ్యంతో కట్టినది" అని రాసి పైకి చదివాను. పక్కనున్న కాంతమ్మత్త నా కొంగు లాగింది.

"రోజూ అనేసేవేటే? కూలి దొరక్క మా ఇంట పొయ్యి ఎలగని రోజులు నీకు తెలీవేటి? రాయి మీద అబద్దం సెక్కిత్తావా?"

నవ్వుతూనే అంది. కానీ నిజమే. "రోజూ" కొట్టేసి, చాలాసేపు ఆలోచించి, "వండిన ప్రతిసారీ" అని రాశాను.

కాంతమ్మత్త రెండుసార్లు చదివించుకుంది. "అదీ! ఇప్పుడు అందులో నానూ ఉన్నాను."

పాస్టరు గారు ఒక్క అక్షరం మార్చలేదు. రేపు చెక్కేవాళ్ళకి ఇస్తారట.

ఇందాక ప్రార్థనకు మోకరిస్తే ఆ వాక్యమే మనసులో తిరిగింది. ఇది పాపమేమో, క్షమించమని అడగాలేమో... "సంతోషంగా ఉంది ప్రభువా" అని ఇక్కడ రాసి కొట్టేశాను. అబద్ధం రాస్తే కాంతమ్మత్త ఒప్పుకోదు. గర్వంగానే ఉంది.