ఇంజను గది తలుపుకు ఆధారం

పూజ్యురాలైన వదినగారికి,

మీ మరిది నమస్కరించి వ్రాస్తున్నాను. ఇది ఫోనులో చెప్పదగిన సంగతి కాదు. చెప్పబోతే మీరు నన్ను నవ్వించి మాట మార్చేస్తారు, నేను ధైర్యం పోగొట్టుకుంటాను. నాలుగు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు.

అన్నయ్య పనిచేసిన యుద్ధనౌకకు ఇంటర్నెట్ విజ్ఞానసర్వస్వంలో ఒక పేజీ ఉంది. దాన్ని ఎవరైనా దిద్దవచ్చు. కాని దిద్దిన ప్రతి మాటకూ అచ్చయిన ఆధారం చూపించాలి. నేను రోజూ పదింటికి లైబ్రరీకి వెళ్లి, అక్కడి కంప్యూటరు ముందు కూర్చుని ఆ పేజీని సంస్కరిస్తూ వచ్చాను. మొదట విభక్తులు, పిదప వాక్యాలు, ఆ పిదప ఫిరంగుల సంఖ్య. "లంగరు" అనే మారుపేరుతో వ్రాసే ఒకాయనతో నౌక పొడవు గురించి పదకొండు రోజులు వాదించాను. నా పుస్తకం కన్న ఆయన పుస్తకం రెండు మీటర్లు ఎక్కువ చెప్పింది. లైబ్రేరియనమ్మ నన్ను చూడగానే, "వచ్చారా మాస్టారూ, ఇవాళ ఓడని ఎంత తగ్గిస్తారు?" అని అడిగేది. అంతవరకు అది సరదాయే.

ఆ పేజీ అడుగున అగ్నిప్రమాదం గురించి ఒక వాక్యం ఉండేది: "విధిలో ఉన్న మెకానిక్ ఇంజను గది తలుపు సకాలంలో మూయనందున మంటలు పక్క గదికి వ్యాపించాయి." పేరు లేదు. పేరెందుకు, మనకు తెలియదా? ఒక మాజీ నౌకాధికారి పుస్తకం దానికి ఆధారం. నేను దాన్ని తీసివేసి, "మెకానిక్ లోపలినుండి తలుపు మూసి, తన ప్రాణమిచ్చి నౌకను కాపాడాడు" అని వ్రాశాను. ఆధారంగా మా పాఠశాల రజతోత్సవ సంచికలోని వ్యాసాన్ని చూపించాను. ఆ వ్యాసకర్త ఎవరు, ఆయనకెలా తెలుసు అని లంగరు నిలదీశాడు. "బాధ్యత గల ఉపాధ్యాయుడు" అని జవాబిచ్చాను. ఆ ఉపాధ్యాయుణ్ణి నేనేనని చెప్పలేదు.

ఇంకొక సంగతి ఎవరికీ చెప్పనిది. ఆ వ్యాసంలో "తోటి నావికుడు చెప్పగా విన్నది" అని వ్రాశాను. ప్రమాదం తరువాత మన ఇంటికి వచ్చిన ఆ నావికుడు నాతో అన్నది ఒక్కటే: "పొగలో ఏమీ కనబళ్లేదండీ." మిగిలినదంతా నా కల్పన. విచారణ పూర్తయ్యాక అన్నయ్య గురించి వీధిలో గుసగుసలు మొదలై, అమ్మ మూడేళ్లు గడప దాటలేదు. ఆ వ్యాసం చదివించుకున్న మర్నాడు బయటికి వచ్చి అరుగుమీద కూర్చుంది. క్రమంగా అది నేను అల్లినదన్న సంగతి నేనే మరచిపోయాను.

ఇప్పుడు ఆ నౌకను విడగొట్టడానికి పంపుతున్నారని ఒక పత్రికలో వ్యాసం వచ్చింది. అందులో నా వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది. మా పేజీనుండే ఎత్తుకున్నారు. లంగరు అది చూసి, "పత్రిక కూడా ధ్రువీకరించింది. మిమ్మల్ని అనుమానించినందుకు క్షమించండి" అని వ్రాశాడు. ముప్పైనాలుగేళ్లు, పక్కవాడి పేపరులో చూసి వ్రాసిన పిల్లలను బల్ల ఎక్కించి నిలబెట్టినవాణ్ణి నేను.

వచ్చే సోమవారం నౌకకు వీడ్కోలు సభ. ఆ వాక్యం చదివి, అన్నయ్య పక్షాన మిమ్మల్ని గౌరవిస్తారట. నిజం ఒప్పుకుంటే అన్నయ్య మళ్లీ తలుపు మూయనివాడవుతాడు. ఒప్పుకోకపోతే నేనేమవుతానో తెలియడం లేదు. సోమవారంలోగా మీ మాట తెలియజేయండి.

ఎదుట నిలబడి చెప్పలేక వ్రాస్తున్న
మీ మరిది

*

మా మాస్టారు మరిదికి,

నీ ఉత్తరం అందింది. మిషను మీద గుడ్డ పక్కకి నెట్టి రాస్తున్నాను, తప్పులు పట్టకుండా చదువు.

నువ్వు కల్పించావని సంచిక వచ్చిన రోజే నాకు తెలుసు. ఆ నావికుడు నీ దగ్గర సెలవు తీసుకుని వెళ్లాడు కదా, వీధి మలుపు దాకా పోయి వెనక్కి వచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడి నాతో చెప్పాడు. "వదినా, తలుపు మూసెయ్యమని పైనుంచి కేకలేశారు. అన్న మూయలేదు. మేం ముగ్గురం ఇంకా లోపలే ఉన్నాం. భుజం అడ్డంపెట్టి పట్టుకున్నాడు. ఆఖర్న వచ్చింది నేనే."

ఆ తర్వాత మీ అన్నయ్య బయటికి రాలేకపోయారు. మంట పక్క గదికి పాకి అక్కడ ఇద్దరు పోయారు. అన్న ఆజ్ఞ మీరాడని విచారణలో తన నోటితో చెప్పలేనని, ఎవరికీ చెప్పొద్దని అతను ఏడ్చాడు. చెప్పనని మాటిచ్చాను. పోయిన ఇద్దరిలో ఒకరి భార్య ఇప్పటికీ నాకు ఏటా ఉత్తరం రాస్తుంది. మా ఆయన మూసి ఉంటే మీ ఆయన ఉండేవాడని ఆవిడకి ఎలా రాయను? అందుకే అత్తయ్య దగ్గర కూడా నోరు విప్పలేదు. ఆ నావికుడు కిందటేడు పోయాడు. ఇక నీకైనా చెప్పకపోతే ఎలా?

ఆ పుస్తకం రాసినాయన అబద్ధం రాయలేదు. మీ అన్నయ్య చేత తలుపు మూయించింది నువ్వు. నీ వాక్యంలో ఆ ముగ్గురూ లోపలే ఉండిపోయారు, చూసుకున్నావా?

సభకి నేను వెళ్లను. నువ్వు లైబ్రరీకి వెళ్లి ఆ వాక్యం తీసెయ్యి. భయమేస్తే ముందు కడుపునిండా తిని వెళ్లు.

నీ వదిన

*

వదినగారికి నమస్కారములు.

ఈ ఉదయం లైబ్రరీ తెరవకముందే వెళ్లి మెట్లమీద నిలబడ్డాను. పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాను. ఆ వ్యాసం నాదేనని, అందులోని మాట కల్పితమని, పత్రిక దాన్ని ఇక్కడినుండే తీసుకున్నది గనుక ఆధారంగా స్వీకరించరాదని చర్చాపేజీలో అందరికీ కనబడేటట్లు వ్రాశాను. నా వాక్యం తీసివేసి, పుస్తకంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్లు తిరిగి పెట్టాను. పత్రికకూ, సభ నిర్వాహకులకూ ఉత్తరాలు పంపాను. మీరు చెప్పినది మాత్రం ఎక్కడా వ్రాయలేదు. అచ్చుకానిది వాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకున్నా, అది మీరు ఒకరికిచ్చిన మాట.

నా పాత సవరణలన్నీ మళ్లీ తనిఖీ చేయాలని ఎవరో వెంటనే వ్రాశారు. చేయనీయండి. నౌక పొడవు విషయంలో నేను చెప్పినదే సరి. తక్కిన వాటికి ఏ శిక్ష వేసినా న్యాయమే అనుకుంటూ, తెరవైపు చూడలేక కిటికీవైపు చూస్తూ కూర్చున్నాను.

లంగరు చాలాసేపటికి చర్చలోకి వచ్చాడు. అంతా సర్దుకున్నాక ఎవరూ అడగని సంగతిని ఎందుకు బయటపెట్టుకున్నారని అడిగాడు. నేను జవాబు వ్రాసేలోగానే మరొక ప్రశ్న వేశాడు: "ఆ మెకానిక్ మీకేమవుతారండీ?"

"మా అన్నయ్య" అని వ్రాశాను.

అతడు ఆధారం అడగలేదు.

మీ మరిది