దిగొద్దన్నారు

ఫిబ్రవరి 3, సోమవారం. సాయంత్రం 7.10

పందెం కుదిరింది. మా అమ్మాయి లా కోర్సు రెండో ఏడు మధ్యలో మానేస్తానంటోంది. "మొదలుపెట్టింది సగంలో వదలకూడదమ్మా" అన్నాను. కళ్లద్దాల దుకాణంలో కస్టమర్లతో మాట్లాడేంత ఓపిగ్గా అన్నాను. "నువ్వు పూర్తి చేసింది ఒక్కటి చెప్పు నాన్నా" అంది. నేను ఆలోచిస్తుంటే మా ఆవిడ హాలు గోడకేసి చూసింది. దానికి సగం దాకా రంగు వేసి మూడేళ్లయింది.

పౌరుషం పొడుచుకొచ్చింది. కొండ మీది జలాశయం చుట్టూ ఎనభై నాలుగు కిలోమీటర్లు ఒక్క రోజులో సైకిలు మీద చుట్టి వస్తానన్నాను. గడువు నాలుగు వారాలు. నేను గెలిస్తే అది లా పూర్తి చేస్తుంది. ఓడితే మానేస్తుంది, నేను నోరెత్తకూడదు. షరతు ఒక్కటే: ఎత్తుల్లో దిగి నెట్టకూడదు.

పిల్ల చదువు ఇప్పుడు నా పిక్కల మీద ఆధారపడి ఉంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

5.00 లేచాను. 5.20 సైకిలు తుడిచాను. 5.50 రోడ్డు మీద! ఆరు కిలోమీటర్లు. ఎనభై నాలుగుని ఆరుతో భాగిస్తే పద్నాలుగు. అంటే ఈ రోజు చేసిందే పద్నాలుగు సార్లు చేయాలి. ఇంతేనా?

కొన్నవి: హెల్మెట్, చేతి తొడుగులు, రెండు నీళ్ల సీసాలు, లోపల మెత్త కుట్టిన నిక్కరు. ఆ నిక్కరుతో దుకాణానికి వెళ్లొద్దని మా ఆవిడ ముందే చెప్పింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

మొదటి ఎత్తు. వాటర్ ట్యాంకు రోడ్డు. సగంలో గేరు మార్చబోయి బెల్లు కొట్టాను. ముందు నడుస్తున్న పెద్దాయన పక్కకు తప్పుకుని దారిచ్చాడు. కాసేపటికి ఆయనే నన్ను దాటుకుని వెళ్లాడు.

ఫిబ్రవరి 13, గురువారం

వెళ్లలేదు. మోకాలు. మా ఆవిడ ఫిజియోథెరపిస్టు. మంచం మీదే నా కాలు వంచి, తిప్పి, "దివ్యంగా ఉంది, లేవండి" అంది. ఈ ఇంట్లో మోకాలి నొప్పి చెల్లదు.

ఫిబ్రవరి 14. మంచు.

ఫిబ్రవరి 15. మంచు లేదు. ఉంటుందేమోనని పడుకున్నాను.

ఫిబ్రవరి 18. టైరులో గాలి తక్కువ. పంపు పక్కనే ఉంది. అయినా సరే.

ఫిబ్రవరి 22, శనివారం. సాయంత్రం 5.30

అమ్మాయి వరండాలో కూర్చుని నా సైకిలు గొలుసుకు నూనె వేస్తోంది.

"నేను ఓడిపోవాలనే కదా నీకు?" అన్నాను.

"ఓడిపోవాలి. కానీ గొలుసు తెగి ఓడిపోతే నేను గెలిచినట్టు ఉండదు."

ఆ చదువు అంటే అంత అయిష్టమా అని అడగబోయాను. నోటి దాకా వచ్చింది. "బ్రేకులు కూడా చూడు" అన్నాను.

మార్చి 2, ఆదివారం

5.30. బయల్దేరాను. నీళ్లు ఎడమచేతి వైపు కనబడుతున్నంతసేపూ దారి తప్పనట్టే.

7.45. ఆనకట్ట. ఇరవై ఒక్క కిలోమీటర్లు. అరటిపండ్లు రెండు.

9.20. ఎనిమిది మలుపుల ఎత్తు. మూడో మలుపులో ప్రాణం కళ్లలోకి వచ్చింది. దిగలేదు.

10.05. ఎత్తు చివర. దారి రెండుగా చీలింది. బోర్డును కంకర గుట్ట కప్పేసింది. రోడ్డు పని చేసే ఒకావిడ ఎర్ర జెండా ఊపుతూ, "దిగొద్దండీ, దిగొద్దు" అని అరుస్తోంది. పందెం సంగతి ఇక్కడి దాకా పాకిందా? కళ్లు చెమర్చాయి. "చచ్చినా దిగనమ్మా" అని దండం పెట్టి, వాలుగా ఉన్న రోడ్డు పట్టాను.

10.30. ఏడు కిలోమీటర్లు. తొక్కే పనే లేదు. చొక్కా గాలికి బుట్టలా ఉబ్బింది. గొంతెత్తి పాడాను. ఇంత సుఖం నేనెప్పుడూ ఎరగను.

10.40. జలాశయం కనబడటం లేదు. ఎడమ వైపు లేదు. కుడి వైపూ లేదు. అంత నీరు ఎక్కడికి పోతుంది?

10.45. ముందు రోడ్డే లేదు. కల్వర్టు కోసం తవ్వేశారు. ఆ మహాతల్లి సైకిలు దిగొద్దని కాదు, లోయలోకి దిగొద్దని మొత్తుకుంది.

12.10. పదకొండు కిలోమీటర్లూ తిరిగి ఎక్కాలి. కాస్త దూరం తొక్కి దిగిపోయాను. నెట్టాను. తర్వాత నెట్టడం కూడా మానేసి రోడ్డు పక్కన కూర్చున్నాను.

1.30. కంకర లారీ. డ్రైవరు సైకిలును వెనక వేయించి, నన్ను ముందు కూర్చోబెట్టుకుని కథంతా విన్నాడు. "చుట్టొచ్చానని చెప్పేయండి సార్. కొండొచ్చి సాక్ష్యం చెబుతుందా?" అన్నాడు. నిజమే. లారీ అద్దంలో చూసుకుంటూ "చుట్టొచ్చానమ్మా" అని నాలుగు సార్లు అనుకున్నాను. నాలుగోసారికి నాకే నమ్మకం కుదిరింది.

6.15. ఇల్లు. లారీ కంకర దించి వచ్చేసరికి ఈ వేళైంది. అమ్మాయి గేటు దగ్గరే నిలబడి ఉంది. "దెబ్బలేం తగల్లేదు కదా?" అంది. అదొక్కటే అడిగింది. ఇక నా వల్ల కాలేదు.

"ఓడిపోయానమ్మా" అన్నాను.

మార్చి 3, సోమవారం. ఉదయం 8.00

దరఖాస్తు తెచ్చి ముందు పెట్టింది. తండ్రి సంతకం కావాలట. 'కోర్సు మానడానికి కారణం' అన్న చోట నాలుగు గీతలు ఇచ్చారు. అది మొదటి గీత మీదే ఆపేసింది: నాకు ఇష్టం లేదు.

"అనారోగ్యం అని రాయొచ్చు కదా" అన్నాను.

"ఆరోగ్యం బాగానే ఉంది నాన్నా."

పెన్ను మూత తీశాను. నలభై తొమ్మిదేళ్లలో ఎన్ని వదిలేశానో. గిటారుకు వేళ్లు బొబ్బలెక్కాయన్నాను, ఈతకు జలుబన్నాను, గోడకు ఆ రంగు దొరకట్లేదన్నాను. అది రాసిన ఆ మూడు మాటలు మాత్రం ఒక్కసారీ అనలేదు. నాకు బదులు పిల్లైనా ఏదో ఒకటి పూర్తి చేయాలన్న దుగ్ధ నాది, మోసేది అది. సిగ్గేసింది. దాన్ని చూస్తే భయమూ వేసింది, గర్వంగానూ ఉంది. సంతకం చేశాను.

"తర్వాత ఏం చేద్దామని?"

"ఇంకా తెలీదు" అంది. నేను నోరెత్తలేదు.

మార్చి 5, బుధవారం. ఉదయం 7.00

కొత్త తీర్మానం. పందెం లేదు, గడువు లేదు. ఆదివారం మళ్లీ కొండకు. పైదాకా లారీలో. అక్కడి నుంచి ఆ లోయ రోడ్డే, సైకిలు మీద, తవ్విన చోటు దాకా. తిరిగి పైకి లారీలో. డ్రైవరుతో మాట్లాడేశాను.

"మరి జలాశయం చుట్టు?" అంది మా ఆవిడ.

"ఎక్కడం నాకు ఇష్టం లేదు" అన్నాను. ఈ మాట అనడం నాకిదే మొదటిసారి.

అమ్మాయి పేపరు దించి నాకేసి చూసింది. "దిగడం?"

"చాలా ఇష్టమమ్మా."